కంప్యూటర్ పట్టిన బొరుగుల దొంగ

ఉరవకొండలో ఒక వీధిలో బొరుగులు, అదే మరమరాలు, వేయించే బట్టీలు రెండే ఉండేవి. ఒకటి ఓబుళేసుది, రెండోది రామసుబ్బమ్మది. రెండూ ఎదురెదురు. ఇవతల పొయ్యి అంటిస్తే అవతలి వాళ్లు దగ్గేవాళ్లు, అవతల అంటిస్తే ఇవతలి వాళ్లు దగ్గేవాళ్లు. ఆ దగ్గులు తప్ప రెండు బట్టీల మధ్య పలకరింపులు తక్కువ.

రామసుబ్బమ్మ మనిషి పొట్టి. చేతులు మాత్రం ఎవరో ఆరడుగుల మనిషి దగ్గర అరువు తెచ్చుకున్నట్టుండేవి. మొగుడు పోయాక బట్టీని ఆ చేతులతోనే లాక్కొచ్చింది. వాకిట్లో పాత గోనెసంచి మడిచి వేసుకుని కూర్చునేది. ఎదురుగా గుట్టలా వేడి బొరుగులు, ఒడిలో ఇత్తడి పడి. దుకాణాలకు పోయే ప్రతి మూటా ఆమె కొలిచి నింపాల్సిందే. ఒకటో పడిని ఒకటి అనేది కాదు, 'లాభం' అని మొదలుపెట్టి రెండు, మూడు అంటూ పాడినట్టు కొలిచేది. రేపటికి ఎంత బియ్యం వేయించాలో పొద్దున్నే గాలి వాసన చూసి చెప్పేది. వాన వాసన వస్తే ఎక్కువ, ఎండ వాసన వస్తే తక్కువ. ఎండకు వాసన ఏముంటుందని అడిగిన వాళ్లకు ఆ రోజు టీ దొరికేది కాదు.

అలాంటి మనిషి ఇంటికి కంప్యూటర్ రావడానికి కారణం ఓబుళేసు. 2003లో అతను ఒక కంప్యూటర్ కొని ముందు గదిలో బల్ల మీద పెట్టాడు. దానికి విభూతి పూసి, బంతిపూల దండ వేసి, ముందర కొబ్బరికాయ కొట్టాడు. ఆ నీళ్లు చిమ్మి కీబోర్డు మీద పడ్డాయి. సగం మీటలు ఆ రోజే మొండికేశాయి. అయినా దానికి నష్టమేమీ లేదు. ఓబుళేసు దాన్ని వాడడానికి కొనలేదు. వచ్చిన ప్రతి వాడికీ ముఖమల్ గుడ్డ ఎత్తి చూపించి, మా లెక్కలన్నీ దీంట్లోనే ఉన్నాయని చెప్పి, మళ్లీ గుడ్డ కప్పేవాడు.

రామసుబ్బమ్మ రెండు రోజులు ఆ గుడ్డ వైపే చూసింది. మూడో రోజు, తనను జేజీ అని పిలిచే మనవరాలు హేమావతిని పిలిచి, కంప్యూటర్ ఏం చేస్తుందని అడిగింది. హేమావతి ఇంటర్‌లో లెక్కలు తప్పి, అనంతపురంలో కంప్యూటర్ కోర్సు చేసి వచ్చి, ఆ చదువు ఎక్కడ పెట్టాలో తెలియక బట్టీలో బొరుగులు జల్లెడ పడుతోంది. ఏ ఊరికి ఎంత పోతోందో, ఏ నెలలో ఏ అంగడి ఎంత లాగుతుందో, ఎక్కడ తరుగు పోతోందో అది చెబుతుందని హేమావతి వివరించింది. అదంతా నా ముక్కు చెప్తాది గదా అంది రామసుబ్బమ్మ. మరి ఎందుకు అడిగావంటే, ఓబుళేసు దగ్గర ఉండాది గదా అంది.

అప్పుడు తిప్పేష్ అనే అతను స్కూటర్ వేసుకుని జిల్లా అంతా తిరుగుతుండేవాడు. రాయదుర్గం మనిషి. చిన్న చిన్న వ్యాపారాలకు పనికొచ్చేలా తనే ఒక ప్రోగ్రాం రాసుకుని అమ్ముకుంటున్నాడు. నూనె మిల్లుల దగ్గరికి పోయాడు, జీన్స్ కుట్టే షెడ్లకు పోయాడు, బట్టల అంగళ్లకు పోయాడు. అందరూ టీ ఇచ్చి ఒకటే మాట అడిగారు: నాకంటే ముందు ఎవరు పెట్టినారు? ఎవరూ పెట్టలేదు కాబట్టి ఇంకెవరూ పెట్టలేదు. కరెంటు నిలవదనే వాళ్లు కొందరు, లెక్క బయటపడుతుందని భయపడే వాళ్లు కొందరు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారని అడిగే వాళ్లు ఇంకొందరు.

హేమావతి పిలిస్తే అతను రామసుబ్బమ్మ ముందు కూర్చుని, సమాచారం, విశ్లేషణ, నిర్ణయం అంటూ కంఠతా పట్టిన మాటలన్నీ చెప్పాడు. ఆమె బొరుగులు నములుతూ విని, చివర్లో ఒకటే అడిగింది.

"ఇది ఓబుళేసు దాంట్లో ఉండాదా?"

"లేదమ్మా. ఆయన దాంట్లో ప్యాకాట ఒక్కటే ఉండాది."

"అయితే పెట్టప్పా."

తిప్పేష్ అమ్మకాల జీవితంలో అది మొదటి విజయం. అందులో అతని మాటల పాత్ర ఏమీ లేదు.

కంప్యూటర్ వచ్చాక తిప్పలు కూడా వచ్చాయి. పొయ్యిలో వేసేది శనక్కాయ పొట్టు కాబట్టి బట్టీ అంతా బూడిద. బూడిద పడితే అది ఊపిరాడక ఆగిపోతుందని తిప్పేష్ చెప్పాడు. హేమావతి దానికి దోమతెర కట్టింది. మీటలు నొక్కాలంటే తనూ ఆ తెరలోకి దూరాలి. బయటి నుంచి చూస్తే పిల్లా, కంప్యూటరూ కలిసి మంచం పట్టినట్టుండేది. కరెంటు పోతే బ్యాటరీ ఒక టీ తాగేంత సేపు ఉండేది. ఇసుకలో బియ్యం వేయించే ఎర్రన్నకు అది మనుషుల్ని చూస్తుందని గట్టి నమ్మకం. దాని ముందు నుంచి పోయేటప్పుడు వీపు దురద పెట్టినా గోక్కునేవాడు కాదు.

రంజాన్‌కు మాత్రం దాని మీద భయం లేదు, విసుగు. బట్టీ లగేజీ ఆటోను చాలా ఏళ్లుగా నడుపుతున్నవాడు అతనే. వజ్రకరూరు, గుంతకల్లు దారుల్లో బొరుగుల అంగళ్లన్నీ అతనికి చుట్టాల ఇళ్లతో సమానం. సాయంత్రం తిరిగొచ్చి ఏ అంగట్లో ఎంత దించాడో పాట పాడినట్టు నోటితో చెప్పేవాడు. ఇప్పుడు హేమావతి తెరలో నుంచి తల బయటపెట్టి, అన్నా మళ్లీ చెప్పు, నిదానంగా చెప్పు అనేది. నా మాట నీకు అర్థమయితాది గానీ దానికి కాదా అని గొణుగుతూ చెప్పేవాడు.

కొన్ని నెలలకు కంప్యూటర్ తెర మీద నిలువు స్తంభాల్లాంటి కంబాలు లేచాయి. ఒక్కో ఊరికి ఒక్కో కంబం, ఎక్కువ అమ్మిన ఊరికి పొడుగు కంబం. చూడగానే రామసుబ్బమ్మ వాటికి పడిపోయింది. లెక్క చదవడం రాకున్నా పొడుగు పొట్టి ఎవరికైనా తెలుస్తుంది గదా. దోమతెరలోకి ముక్కాలి పీట ఒకటి తెప్పించుకుంది. రోజూ దీపాల వేళకు లోపల దూరి, ఏమ్మే హేమా, కంబాలు చూపియ్ అనేది. గుంతకల్లు కంబం పొట్టిగా ఉంటే రంజాన్‌ను పిలిచి, ఆ ఊరోళ్లకు పండ్లు ఊడిపోయినాయా అని అడిగేది. ఎర్రన్న బిడ్డ పదో తరగతి పాసవుతుందా లేదా అనే కంబం కూడా చూపించమని ఒకసారి పట్టుబట్టింది. ముక్కు చెప్పినదీ కంబం చెప్పినదీ కలిసిన రోజు ముక్కును మెచ్చుకునేది, కలవని రోజు కరెంటును తిట్టేది.

ఆ ఆకుపచ్చ కంబాల పక్కనే తొలకరి నెలలో ఎర్ర కంబాలు కనబడ్డాయి. అది తరుగు అని హేమావతి చెప్పింది. వేయించిన బియ్యానికి రావలసిన బొరుగులు ఇన్ని, రంజాన్ చెప్పిన లెక్కకు అంగళ్లలో దిగినవి ఇన్ని, రెంటికీ పొత్తు కుదరడం లేదు. మధ్యలో ఎవరో తింటున్నట్టుంది. అన్నిటికంటే పొడుగు ఎర్ర కంబం వజ్రకరూరు మూటలు పోయిన రోజుల మీద నిలబడింది.

వాన పడితే వజ్రకరూరు చేలల్లోకి ఎక్కడెక్కడి జనమో వస్తారు. వాన కడిగిన ఎర్రమట్టిలో వజ్రం తళుక్కుమంటుందని తలలు వంచుకుని నడుస్తారు. చెట్ల కిందే పడుకుంటారు, బొరుగుల్లో ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ కలుపుకుని తింటారు. ఆ నెలల్లో అక్కడి అంగళ్లు ఎన్ని మూటలు దించినా చాలవనేవి. ఆ దారి చేతిలో ఉంటే బట్టీకి ఏడాది గడిచినట్టే.

తిప్పేష్ వచ్చి చూసి, వజ్రకరూరు లెక్కలో యాడనో కారతాండాదమ్మా అన్నాడు. అతను అంతకంటే ఏమీ అనలేదు. మిగతాది రామసుబ్బమ్మే పూరించుకుంది. వజ్రకరూరు దారిలో ఎవరు పోతారు? రంజాన్ పోతాడు. ఈ మధ్య ఆటోకు కొత్త టేపు రికార్డరు ఎవరు పెట్టించుకున్నారు? రంజాన్ పెట్టించుకున్నాడు. ఆ టేపు అతని బావమరిది పాతది తీసేస్తూ ఇచ్చాడని వీధంతా తెలుసు. ఆమెకూ తెలుసు. కంబం పొడుగు చూశాక తెలిసినవన్నీ మరిచిపోయింది.

పొద్దున రంజాన్ మూటలు ఎక్కించుకుని బయలుదేరబోతుంటే పిలిచింది.

"ఏమప్పా రంజానూ, వజ్రకరూరులో నా బొరుగులు ఎవురు తింటాండారు?"

"కొన్నోళ్లు తింటాండారు పెద్దమ్మా."

"కొననోళ్లు?"

అని టేపు రికార్డరు వైపు చూసింది. రంజాన్ ఆమెను చూశాడు, టేపును చూశాడు, దోమతెరలో వెలుగుతున్న ఎర్ర కంబాన్ని చూశాడు. ఆటో తాళం చెవి తీసి ఆమె ముందున్న బొరుగుల గుట్ట మీద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. కోపంలో బాగా అదిమి పెట్టాడేమో, తాళం చెవి గుట్టలో దిగిపోయింది. దాని కోసం గుట్టనంతా మళ్లీ జల్లెడ పట్టాల్సి వచ్చింది. వజ్రకరూరు మూటలు మధ్యాహ్నానికి గానీ కదలలేదు.

ఊళ్లో మాట పాకిపోయింది. రంజాన్ పెళ్లాం జుబేదాబీ కుళాయి దగ్గరికి పోతే ఆడవాళ్లు మాటలు ఆపేసేవాళ్లట. ఎవరూ దొంగ అని అనలేదు. అనకపోవడమే ఆమెకు కష్టంగా ఉండేది. రంజాన్‌కు వేరే చోట ఆటో దొరకదా అంటే దొరుకుతుంది. కానీ బొరుగులు తిన్నవాడనే పేరు ముందే ఎక్కి కూర్చునే ఆటో ఎవరికి కావాలి?

అతని బదులు రామసుబ్బమ్మ తమ్ముడు అంజినప్ప ఆటో ఎక్కాడు. అతని నిదానపు తోలుడు చూసి దారిలో మేకలే పక్కకు తప్పుకుని ముందుకు పోయేవి. అయినా నమ్మకస్తుడు. రామసుబ్బమ్మ దీపాల వేళకు ధీమాగా తెరలోకి దూరింది. ఎర్ర కంబం అలాగే ఉంది. వారానికి ఇంకాస్త ఎదిగింది.

"అంజినప్ప గూడా దొంగేనా?" అంది నీరసంగా.

అంజినప్పకు పండ్లు లేవు, బొరుగులు తినలేడు. కాబట్టి అనుమానం కాకుల మీదికి పోయింది. తరువాత మేకల మీదికి, వజ్రాల జనం మీదికి, చివరికి ఎప్పటిలాగే ఓబుళేసు మీదికి పోయింది. రంజాన్ పేరు మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే అతను దొంగ కాదని ఒప్పుకోవాలి. ఒప్పుకుంటే వాళ్లింటికి పోవాలి. అంత దూరం కాళ్లు పోవని ఆమె అనేది. వాళ్లిల్లు వీధి చివరే.

అంతలో నల్లమాడలో ఆమె చెల్లెలు లక్ష్మీదేవి మనవడికి పుట్టెంట్రుకలు తీస్తున్నారని కబురొచ్చింది. పడిని ఎర్రన్న చేతిలో పెట్టి, కంప్యూటర్ చూస్తాంటాది జాగ్రత్త అని చెప్పి బస్సెక్కింది. ఉంటే ఉండిపొమ్మన్నారని నాలుగు రోజులు ఉంది. తిరిగొచ్చి, కాళ్లయినా కడుక్కోకుండా తెరలోకి దూరింది. పచ్చ కంబాలు ఎప్పటిలాగే ఉన్నాయి. ఎర్రది గీతలా నేల మీద పడుకుని ఉంది.

రామసుబ్బమ్మ మొహం వెలిగిపోయింది. నేను ఊళ్లో లేనని తెలిసి దొంగ గూడా భయపడినాడు చూడు అంది. అది ఎలా కుదురుతుందో ఆమెకే తెలియాలి. హేమావతి, లెక్క చూడడానికి వచ్చిన తిప్పేష్ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తిప్పేష్‌కు ఉన్నట్టుండి స్కూటర్ బాగుచేసుకోవాలనిపించి బయటికి పోయాడు.

"జేజీ, దొంగ గూడా నల్లమాడకు పోయినట్టుండాడు," అంది హేమావతి.

"యాడ? ఆడ నాకు కనపడల్యా."

"నీతోనే పోయినాడు. నీతోనే వచ్చినాడు."

"బస్సులో నా పక్కన ఎవురో కోళ్ల గంప ముసలామె కూచునింది. ఆమెనా?"

హేమావతి ఆమెను చెయ్యి పట్టుకుని గుట్ట దగ్గరికి తీసుకుపోయి కూర్చోబెట్టి, వజ్రకరూరుకు ఒక మూట నింపమంది. బయట స్కూటర్ చప్పుడు ఆగింది. ఎర్రన్న గరిటె పక్కన పెట్టి వచ్చాడు. రామసుబ్బమ్మ పడి తీసుకుని 'లాభం' అని మొదలుపెట్టింది. నల్లమాడ సంగతులు చెబుతూనే కొలిచింది. పిల్లోడు ఎట్లా ఏడ్చాడో చెప్పింది, పాయసంలో ఉప్పు పడిన సంగతి చెప్పింది. ఆఖరి పడి పోసి పడిని ఒళ్లో పెట్టుకుంది. మాట ఆగలేదు. చేతులు కూడా ఆగలేదు. రెండు చేతులూ గుట్టలో దిగి, ఆ పెద్ద దోసిలి నిండా బొరుగులు ఎత్తి మూటలో పోశాయి. మళ్లీ దిగాయి.

"అదేంది జేజీ?"

"ఏది?"

"ఇప్పుడు పోసింది."

"నేనేం పోసినా?" అంది రామసుబ్బమ్మ. మూడో దోసిలి అప్పటికి గాలిలో ఉంది.

ఆమె తన చేతుల వైపు, ఎవరో పరాయి వాళ్ల చేతులు చూసినట్టు చూసింది. మూటకు ఆఖరున ఒక దోసిలి కొసరు పోయాలని అత్త నేర్పిన పద్ధతి. అత్త చేతులు మామూలు చేతులు. ఈమెవి కావు. పైగా వజ్రకరూరు మూటకు ఒకటి చాలదు. పాపం, యాడెక్కడి నుంచో వచ్చి మట్టిలో రాళ్లు వెతుక్కునేటోళ్లు గదా అంది. ఎప్పటినుంచి అలా పోస్తున్నదో ఆమెకే గుర్తు లేదు. అది లెక్క అని ఎవరికీ తోచలేదు కాబట్టి ఎవరూ కంప్యూటర్‌కు చెప్పలేదు. ఎర్రన్న మాత్రం అది చూస్తోందనే భయానికి నాలుగు రోజులూ గింజ ఎక్కువ పోయకుండా కొలిచాడు.

ముందు హేమావతికి నవ్వొచ్చింది. తరువాత ఎర్రన్నకు వచ్చి, ఆపుకోలేక, ఆ యంత్రం ముందే మొదటిసారి వీపు గోక్కున్నాడు. రామసుబ్బమ్మ నవ్వలేదు. లేచి, చీర కొంగుకు అంటిన బొరుగులు దులుపుకుని, కాళ్లు పోవన్న మనిషి వీధి చివరికి గబగబా నడిచింది.

రంజాన్ ఇంట్లో నులక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. జుబేదాబీ గుమ్మంలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే రామ్మా అంది.

"దొంగ దొరికినాడమ్మా జుబేదా."

"ఎవురంట?"

రామసుబ్బమ్మ తన రెండు చేతులూ ఆమె ముందు చాచింది. జుబేదాబీ ఆ చేతుల్ని చూసింది. మూట మూటకూ కొసరు పోసింది ఇవేనంది రామసుబ్బమ్మ. అర్థమయ్యాక చేట పక్కన పెట్టి గుమ్మం పట్టుకుని నవ్వింది. కుళాయి దగ్గర దిగమింగుకున్నదంతా ఆ నవ్వులో బయటపడింది. మంచం మీద మనిషి మాత్రం గోడతోనే మాట్లాడాడు.

"కంప్యూటర్ చెప్పిందా పెద్దమ్మా?"

"ముందు గూడా అదే చెప్పిందప్పా. నేనే సగం విని నీ మీదికి వచ్చినా. తప్పు నాది."

రంజాన్ ఇటు తిరిగాడు. వస్తాను గానీ రెండు షరతులన్నాడు. ఒకటి, నా పేరు మీద నిలబెట్టిన కంబాన్ని ఊరంతా చూసింది కాబట్టి నీ పేరు మీద కూడా ఒకటి నిలబెట్టాలి. రెండోది, నా పక్కన ఆటోలో కూర్చుని బజారంతా తిరగాలి. మొదటిదానికి ఆమె వెంటనే ఒప్పుకుంది. రెండోదానికి, టేపు గట్టిగా పెడతావా అని అడిగి ఒప్పుకుంది.

ఆ సాయంత్రం లగేజీ ఆటో ముందు సీట్లో రంజాన్ పక్కన ఇరుక్కుని, ఒక చేత్తో కమ్మీ పట్టుకుని, రెండో చేత్తో కుళాయి దగ్గరున్న ఆడవాళ్లకు బొరుగులు విసురుతూ రామసుబ్బమ్మ ఉరవకొండ బజారు దాటింది. టేపు అరుపుకు ఓబుళేసు బయటికొచ్చి దగ్గడం కూడా మరిచిపోయాడు.

మరుసటి రోజు తిప్పేష్ ప్రోగ్రాంలో ఆ కొసరు లెక్కకు కొత్త గడి ఒకటి పెట్టాడు. దానికి తరుగు అని పేరు పెట్టబోతే రామసుబ్బమ్మ ఒప్పుకోలేదు. తరుగంటే పోయింది, ఇది పోలేదు, ఇచ్చినా అంది. చివరికి 'జేజి చెయ్యి' అని కొట్టారు. ఎరుపు వద్దు, పసుపు రంగు పెట్టమంది. ఈ చెయ్యిని సగానికి తగ్గిస్తే ఏడాదికి ఎన్ని మూటలు మిగులుతాయో తిప్పేష్ చెప్పబోయాడు. ఆమె అతనికి టీ ఇప్పించి, గడి పెట్టింది చూసుకోనీకి అప్పా, కోసుకోనీకి కాదు అంది. వానలు ముదిరే కొద్దీ పసుపు కంబం ఎదిగింది. దాన్ని చూసినప్పుడల్లా ఆమె సొంత మనవడు పరీక్ష పాసైనంత గర్వపడేది. రంజాన్ వచ్చిన వాళ్లందరికీ దోమతెర ఎత్తి దాన్ని చూపించేవాడు.

ఒకరోజు ఓబుళేసు వీధి దాటి వచ్చాడు. వచ్చి కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడి, చివరికి అసలు సంగతి ఎత్తాడు.

"అక్కా, వజ్రకరూరు అంగళ్లోళ్లు నా మూటలు వద్దంటాండారు. నీ కంప్యూటర్‌లో ఏముండాది?"

రామసుబ్బమ్మ అతన్ని దోమతెరలోకి దూరమంది. లోపల ముగ్గురికి చోటు చాలక హేమావతి బయటికి రావాల్సి వచ్చింది. ఓబుళేసు కంబాలన్నీ చూసి పసుపు దాని మీద వేలు పెట్టాడు. ఇదేమంటే, నా చెయ్యి అంది ఆమె. అతను ఆ కంబాన్ని, ఆమె చేతుల్ని, తన చేతుల్ని మార్చి మార్చి చూసుకుని, ఇంటికి పోయి తన కంప్యూటర్ మీది గుడ్డ సవరించాడు.

బయట రంజాన్ హారన్ కొట్టాడు. వజ్రకరూరు మూటలకు నోళ్లు కట్టే వేళయింది. రామసుబ్బమ్మ తెరలో నుంచి బయటపడి, గుట్టలో దోసిలి ముంచి ఒక మూటలో పోసింది, మళ్లీ ముంచి పోసింది, మూడోసారి కాస్త ఆలోచించి మరీ పోసింది.

"హేమా, రాసుకో," అంది.

"ఎంత రాయాల జేజీ?"

"అది నాకు తెలిస్తే నీకు కంప్యూటరెందుకు?"